అమ్మినవాడు బాగానే ఉన్నాడు, కొన్నవాడు బాగానే ఉన్నాడు, మరి మూడోవాడు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు అమెరికాలో మాస్టర్స్ చేస్తున్నారు, జపాన్ వీడియో గేములని అమెరికా వాళ్ల కోసం మార్చి అమ్మడం సాంస్కృతిక ఇచ్చిపుచ్చుకోవడమా లేక కల్చరల్ అప్రాప్రియేషనా, అంటే ఒకరి సంస్కృతిని ఇంకొకరు లాక్కోవడమా అని పేపర్ రాయాలి. మీ రూమ్మేటేమో ఇదంతా పచ్చి దొంగతనం అంటున్నాడు. మీరు చిన్నప్పటి నుంచీ ఆడినవన్నీ ఆ మార్చిన వెర్షన్లే, అందుకని అంత మాట అనడానికి మీకు మనసు రావట్లేదు. నేను 14 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, హైదరాబాద్‌లో గేమ్ టెస్టర్‌గా మొదలై, జపనీస్ నేర్చుకుని, తర్వాత ఎక్కువగా జపాన్ గేముల ఇంగ్లీష్ టెక్స్ట్ చెక్ చేస్తూ బతికాను. అనువాదం నేను చేయను, చేసినవాళ్ల తప్పులు పడతాను. కాబట్టి బుద్ధి కాస్త వంకరగానే ఉంటుంది, ముందే చెప్తున్నా.

దొంగతనం అన్న మాట చాలావరకు అతకదు. ఇంటివాళ్లే తాళం తీసి, సామాను బయటపెట్టి, రంగు మార్చి అమ్మండి అని చెప్పాక దొంగ ఎవరు? నింటెండో ఆఫ్ అమెరికా అంటే క్యోటోలో ఉన్న నింటెండోకి సొంత పిల్ల కంపెనీ. 1983లో అమెరికాలో వీడియో గేముల మార్కెట్ కుప్పకూలింది, షాపులవాళ్లు ఆ పేరు వింటేనే భయపడే రోజులు, అందుకని జపాన్‌లో ఎరుపు తెలుపు రంగుల్లో ముద్దుగా ఉన్న ఫ్యామికామ్‌ని 1985లో అక్కడ బూడిద రంగు పెట్టెగా, ముందు మూత తీసి క్యాసెట్ తోసే వీసీఆర్ లాగా మార్చి దించారు. పెట్టెకి వేసిన ఆ వేషమే తర్వాత లోపలి కథలకీ వేశారు. డబ్బులు వాళ్లకే వెళ్లాయి, సంతకాలు వాళ్లవే.

అయితే అమ్మినవాడికీ కొన్నవాడికీ బేరం కుదిరినంత మాత్రాన ఎవరికీ దెబ్బ తగల్లేదని అనుకోవడం పొరపాటు. ఇన్నేళ్లలో నేను చూసింది ఏంటంటే దెబ్బ ఎప్పుడూ ఆ బేరంలో కుర్చీ దొరకని మూడోవాడికే తగులుతుంది. టోక్యోలో ఉండడు, అమెరికాలో ఆ గేము ఎవరికి అమ్మాలని అనుకున్నారో ఆ లిస్టులోనూ ఉండడు. మీ రూమ్మేట్ జపాన్ వర్సెస్ అమెరికా అని రెండు వైపులే చూస్తున్నాడు, అందుకే వాదన తెగట్లేదు.

మనకి బాగా దగ్గరగా ఉండే ఉదాహరణతో మొదలుపెడతా. తొంభైల మధ్య దాకా నింటెండో ఆఫ్ అమెరికాకి ఒక రూల్స్ లిస్టు ఉండేది: మత చిహ్నాలు వద్దు, మందు వద్దు, రక్తం వద్దు, బట్టల్లేని బొమ్మలు వద్దు. దీని వల్లే సూపర్ క్యాసిల్‌వేనియా 4లో సమాధుల మీద సిలువలు మాయమయ్యాయి, ఫైనల్ ఫాంటసీ 6లో బార్లు కేఫ్‌లయ్యాయి. అదే గేములో జపాన్‌లో 'హోలీ' అని ఉన్న మంత్రం ఇంగ్లీషులో 'పెర్ల్' అయింది, అంటే పవిత్రం కాస్తా ముత్యం. 1991లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 4లో అదే మంత్రం 'వైట్'. సరే, అమ్మే ఊళ్లో చర్చిలున్నాయి, తల్లిదండ్రులున్నారు, షాపుకొచ్చి గొడవ చేస్తారు, జాగ్రత్తపడ్డారు అనుకుందాం.

ఇప్పుడు అదే 1991 గేములో యుద్ధంలో పిలిస్తే వచ్చే దేవతల లిస్టు చూడండి. మంచుతో చేసినట్టుండే ఒక అమ్మాయి వస్తుంది, ఆమె పేరు శివ. జపాన్ వెర్షన్‌లో శివ, అమెరికా వెర్షన్‌లోనూ శివ, ఎవరూ ముట్టుకోలేదు. అసుర అని ఒక రాణి ఉంటుంది, ఆమె పేరూ అలాగే ఉంది. ఇక పిడుగులు వేసే గడ్డం ముసలాయన ఒకడు, జపాన్‌లో ఆయన పేరు రాము. ఇంగ్లీషులో ఆయన పేరు మార్చారు. ఏమని? ఇంద్ర అని! దేవుళ్ల జోలికి పోవద్దు అని రాసుకున్న రూల్స్ పక్కన పెట్టుకుని, అక్కడ లేని ఇంద్రుణ్ణి కొత్తగా తెచ్చి కూర్చోబెట్టారు. స్క్రీన్ మీద చోటు చాలక మార్చారని కూడా అనలేం, ఇంగ్లీషులో రాసుకుంటే రెండు పేర్లకీ ఐదేసి అక్షరాలే.

నాకు కోపం వచ్చిందా అంటే రాలేదు. ఆ మంచు అమ్మాయిని మొదటిసారి చూసినప్పుడు పడిపడి నవ్వాను, కైలాసం, మంచు, ఏదో లింకు పెట్టుకుని ఉంటారులే అని సర్దిచెప్పుకున్నాను. వెనక నుంచి చూసిన మా అమ్మ మాత్రం "శివయ్యకి ఆ గుడ్డపీలికలేంటి" అని టీవీ ఆపేసింది. కానీ పేపర్ రాసేవాళ్లుగా మీరు పట్టుకోవాల్సింది ఇక్కడే. 1990లో శివ పేరు తీసి మంచుబొమ్మకి పెట్టింది జపాన్ వాళ్లు. దాన్ని అలాగే దాటించింది అమెరికా వాళ్లు. ఇద్దరి మధ్యా ఏ గొడవా లేదు. ఆ రూల్స్ మతాల మీద గౌరవంతో రాసినవి అయితే ఇంద్రుడు అక్కడికి రాడు. ఎవరి ఫిర్యాదు రెడ్మండ్‌లో ఉన్న నింటెండో ఆఫ్ అమెరికా ఆఫీసు దాకా చేరుతుందో వాళ్ల దేవుడికే ఆ రూల్స్ వర్తించాయి. 1993లో అమెరికా సెనేట్ వీడియో గేముల హింస మీద విచారణ పెట్టడం, 1994లో వయసు రేటింగులు రావడం జరిగాక ఈ పట్టింపులు మెల్లగా సడలాయి, తర్వాతి గేముల్లో 'హోలీ' తిరిగొచ్చింది. శివకి ఆ ముందూ తేడా లేదు, తర్వాతా తేడా లేదు.

దీనికి జత చేసి చెప్పాల్సింది 1998 నాటి జెల్డా గేము, ఒకరినా ఆఫ్ టైమ్. అందులో అగ్ని గుడి సంగీతంలో ముస్లిం ప్రార్థన గొంతులు వినిపించేవి, రెడీమేడ్‌గా దొరికే శబ్దాల సీడీ నుంచి తీసినవి. తర్వాత వచ్చిన కాపీల్లో అవి తీసేశారు. ఎడారి తెగ వాళ్ల గుర్తుగా వాడిన నెలవంక, నక్షత్రం బొమ్మని కూడా తర్వాతి వెర్షన్లలో మార్చారు. జపాన్ వాళ్లు తీసుకున్నది ఇంకొకళ్ల సొత్తు, సర్దుకోవాల్సొచ్చింది కూడా వాళ్లే. అమెరికా ఇందులో ఒక మార్కెట్ మాత్రమే.

మూడోవాణ్ణి ఇంకో రకంగా కూడా ఇరికిస్తారు. 1992లో సూపర్ నింటెండోకి లెజెండ్ ఆఫ్ ద మిస్టికల్ నింజా అని వచ్చింది. అసలు హీరో గోయెమోన్. 16వ శతాబ్దంలో ఉన్నవాళ్లని దోచి లేనివాళ్లకి పంచాడని, పట్టుకుని కాగే నూనెలో వేశారని జపాన్‌లో కథలు కథలుగా చెప్పుకునే దొంగ పేరు అది, మన పాలమూరులో పండుగ సాయన్న గురించి పాడుకుంటారు చూడండి, అలాంటి పేరు. అమెరికా వెర్షన్‌లో ఆయన 'కిడ్ యింగ్', పక్కనున్న దోస్తు 'డాక్టర్ యాంగ్'. చైనా యిన్ యాంగ్ తెచ్చి జపాన్ దొంగకి అతికించారు, ఆసియా అంతా ఒకటే కదా అన్న లెక్కలో. సాయన్న కథ హిందీలో తీసి హీరో పేరు బల్వంత్ సింగ్ అని పెడితే ఎలా ఉంటుంది? ఆ గేము చేసిన జపాన్ కంపెనీ కోనామీకి అభ్యంతరం లేదు, అమెరికా పిల్లలకి తేడా తెలియదు. ఆ రోజుల్లో అమెరికా స్కూల్లో "నువ్వు చైనీసా, జపనీసా, రెండూ ఒకటే కదా" అని రోజూ వినే పిల్లాడికి మాత్రం ఇది ఇంకో దెబ్బ.

సూపర్ మారియో 2 కథ మీకు తెలిసే ఉంటుంది, అందుకే గబగబా చెప్పి దాటేస్తా, కానీ పేపర్‌లో పెట్టండి. జపాన్‌లో 1986లో వచ్చిన రెండో మారియో మరీ కష్టంగా ఉందని అమెరికాకి పంపలేదు. దాని బదులు ఫుజీ టీవీ వాళ్ల ఒక ఉత్సవం కోసం 1987లో చేసిన డోకి డోకి పానిక్ అనే గేములో, అరబ్బు వేషాల్లో ఉన్న కుటుంబాన్ని తీసేసి మారియో బృందాన్ని పెట్టి 1988లో అమ్మారు. అది 1992లో 'సూపర్ మారియో యూఎస్ఏ' అన్న పేరుతో తిరిగి జపాన్‌కే వచ్చింది. అందులో పుట్టిన షై గై, బర్డో అనే పాత్రలు ఇప్పుడు మారియో లోకంలో సొంత మనుషులు. ఎవరిది ఎవరు తీసుకున్నారో చెప్పండి చూద్దాం. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇలాగే ఉంటుంది, గజిబిజిగా, లెక్క తేలకుండా.

నేను ఎక్కువ ఆలోచించింది మాత్రం ఏస్ అటార్నీ గురించి. మీ పేపర్ మొత్తం దీని మీదే రాసినా తప్పులేదు.

క్యాప్‌కామ్ కంపెనీలో షు టకుమి చేసిన ఈ గేము 2001లో జపాన్‌లో వచ్చింది. నరుహోదో అనే కుర్ర లాయరు, ఎప్పుడూ ఓడిపోయే స్థితిలో ఉండే నిందితులు, గర్వంతో విర్రవీగే ప్రాసిక్యూటర్లు, ఒక్కడే కూర్చుని తీర్పు చెప్పే ముసలి జడ్జి. 2005లో ఇంగ్లీషులోకి వచ్చేసరికి నరుహోదో ఫీనిక్స్ రైట్ అయ్యాడు, ఊరు లాస్ ఏంజెలెస్ అయింది, అతని అసిస్టెంట్ మాయోయి మాయా అయింది, ఆమెకి ప్రాణమైన రామెన్ నూడుల్స్ కాస్తా బర్గర్ అయింది. పేర్లు బాగా పెట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి. జపాన్‌లో 'నరుహోదో' అంటే "ఓహో, అలాగా" అని అర్థం, కాబట్టి అసలులో కూడా ప్రతి పేరూ ఒక జోకే. జోకుని జోకుగా దాటించడం కన్నా కష్టమైన పని ఈ లైన్లో లేదు, నేను ఆ టీమ్‌కి దండం పెడతా.

పోయింది ఇంకొకటి. జపాన్‌లో కేసు కోర్టుకి వెళ్లిందంటే శిక్ష పడే శాతం 99కి పైనే. అక్కడ మామూలు పౌరులు జడ్జీల పక్కన కూర్చునే పద్ధతి 2009లో గానీ మొదలవలేదు. అంటే 2001లో ఆ గేము ఆడిన జపాన్ కుర్రాడికి, ప్రాసిక్యూటర్ చెప్పిందే వేదం అయిన కోర్టులో ఒక్క లాయరు బల్ల గుద్ది "అభ్యంతరం!" అని అరవడం కార్టూన్ లాగా ఉంటూనే ఎక్కడో గుచ్చుకుంటుంది. అదే కోర్టుని లాస్ ఏంజెలెస్‌లో పెడితే? అమెరికా వాడికి కోర్టు అంటే పన్నెండు మంది జ్యూరీ. అది లేని కోర్టు చూసి వాడు "పిచ్చి గేము, నవ్వొస్తుంది" అనుకుంటాడు. వ్యంగ్యానికి ముల్లు తీసేసి పువ్వు మాత్రం అమ్మారు. టకుమికి న్యాయవ్యవస్థని తిట్టాలన్న ఉద్దేశం ఎంతుందో ఆయనకే తెలియాలి, ఇది నాకు అర్థమైన తీరు.

తమాషా తర్వాత మొదలైంది. సిరీస్ హిట్టయింది, వరసగా భాగాలు వచ్చాయి, ప్రతి భాగంలోనూ జపాన్ ఇంకా ఎక్కువైంది. ఆత్మలని పిలిచే అమ్మాయిల ఊరు, మెడలో మగతామ పూసలు, 2013 నాటి గేములో అయితే ఏకంగా యోకాయ్ దెయ్యాల పల్లెటూరు. ఇదంతా కాలిఫోర్నియాలో ఉందని నమ్మించాలి! అభిమానులు ఆ లోకానికి వెక్కిరింతగా 'జపానిఫోర్నియా' అని పేరు పెట్టారు. అప్పుడు లోకలైజేషన్ డైరెక్టర్, అంటే ఈ మార్పుల పని నడిపే జానెట్ షూ ఒక వివరణ రాసింది: ఈ కథలో ఉన్న లాస్ ఏంజెలెస్‌లో జపాన్ వలసదారులకి వ్యతిరేకంగా చట్టాలు రాలేదు, అందుకే అక్కడ జపాన్ సంస్కృతి వేళ్లూనుకుని ఇలా పెరిగింది అని.

ఇది చదివినప్పుడు నాకు ఒక్క నిమిషం నోట మాట రాలేదు. నిజమైన కాలిఫోర్నియాలో 1913లో జపాన్ నుంచి వచ్చినవాళ్లు భూమి కొనకుండా చట్టం చేశారు. 1924లో వలసే ఆపేశారు. 1942లో సుమారు లక్షా ఇరవై వేల మంది జపాన్ సంతతి వాళ్లని, అందులో మూడింట రెండొంతులు అమెరికా పౌరులే, ఇళ్లలోంచి లేపి క్యాంపుల్లో పెట్టారు. లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున ఉన్న లిటిల్ టోక్యో ఖాళీ అయిపోయింది. బర్గరా రామెనా అన్న చిన్న సర్దుబాటుతో మొదలైన అబద్ధం, దాన్ని సమర్థించుకోబోయి చివరికి ఆ మూడోవాడి చరిత్ర దాకా వెళ్లింది. మొదట చేసింది జపాన్‌ని దాచడం. తర్వాత చేసింది మాత్రం జపనీస్ అమెరికన్లకి ఇలా జరగకుండా ఉంటే ఎలా ఉండేదో ఊహించడం. రెండూ చేసింది ఒకే కంపెనీ, ఒకే సిరీస్. దీన్ని ఏ డబ్బాలో వేస్తారు? నేనైతే ఏ డబ్బాలోనూ వేయను.

2021లో అదే సిరీస్ నుంచి ద గ్రేట్ ఏస్ అటార్నీ ఇంగ్లీషులో వచ్చింది. మేజీ కాలపు జపాన్ నుంచి విక్టోరియా లండన్‌కి వెళ్లిన ఒక నరుహోదో పూర్వీకుడి కథ. ఈసారి హీరో పేరు మార్చలేదు, ఊరు మార్చలేదు, లండన్‌లో తెల్లవాళ్లు అతన్ని ఎంత చులకనగా చూశారో అదీ మార్చలేదు. 16 ఏళ్లలో అమెరికా ఆటగాడు అంత మారాడన్నమాట, లేదా మారాడని క్యాప్‌కామ్‌కి నమ్మకం కుదిరింది.

నా లెక్కలో అన్నిటికన్నా చెడ్డ ఉదాహరణ 1996 చివర్లో అమెరికాలో వచ్చిన రెవెలేషన్స్: పెర్సోనా. జపాన్ హైస్కూలు పిల్లల కథ. అమెరికాలో అమ్మాలని ఊరి పేరు లూనార్‌వేల్ అని పెట్టి, జుట్టు రంగులు మార్చి, పిల్లల్ని అమెరికన్లని చేశారు. అందులో మార్క్ అనే ముద్దుపేరుతో మసావో ఇనాబా అని ఒక కుర్రాడు ఉంటాడు, టోపీ, గ్రాఫిటీ, వీధి డాన్సులు, అల్లరి. అతన్ని నల్లజాతి కుర్రాడిగా గీసి, నోట్లో సినిమాల్లో నల్లవాళ్లకి పెట్టే లాంటి యాస పెట్టారు. ఆలోచించండి, జపాన్ సంస్కృతిని అమెరికాకి తగ్గట్టు మార్చే పనిలో మూల్యం చెల్లించింది ఆ రెండిట్లో ఎవరూ కాదు. అల్లరివాడు అనగానే ఎవరి మొహం గుర్తొచ్చిందో చూశారుగా. 2009లో పీఎస్పీ అనే చేతిలో పట్టుకుని ఆడే మెషీన్‌కి మళ్లీ చేసినప్పుడు అతను మళ్లీ మసావో అయ్యాడు.

అలాగే పోకెమాన్‌లో జింక్స్ అనే పాత్ర. నల్లటి మొహం, పెద్ద పెదవులు, పసుపు రంగు జుట్టు. 2000లో క్యారల్ బోస్టన్ వెదర్‌ఫర్డ్ అనే ఆఫ్రికన్ అమెరికన్ రచయిత్రి ఇది బ్లాక్‌ఫేస్ బొమ్మలా, అంటే నల్లవాళ్లని వెక్కిరిస్తూ తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకునే వేషంలా ఉందని రాసింది. తర్వాత ఆ మొహం ఊదా రంగుకి మారింది. "జపాన్ వాళ్లకి ఆ చరిత్ర తెలియదు పాపం" అని చాలామంది వెనకేసుకొస్తారు, నేను కూడా ఒకప్పుడు అదే అన్నాను. కానీ మొహానికి మసి పూసుకుని ఆడే ఆ ఆట జపాన్‌లో అడుగుపెట్టిందే అమెరికా వాళ్లతో, 1854లో అమెరికా నౌకాదళ అధికారి పెర్రీ బృందం తన ఓడ మీద జపాన్ అధికారులకి వినోదంగా వేసి చూపించింది. జింక్స్ అక్కడినుంచే వచ్చిందని నేను అనను, అలా గీత గీయడం సులువు, నిరూపించడం కష్టం. అమెరికా పంపిన సరుకే ఒక్కోసారి అమెరికాకి తిరిగొస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక భాష సంగతి. ప్రతి మార్పు వెనకా కుట్ర వెతక్కండి, సగం మార్పులు గతిలేక చేసేవి. ఫైనల్ ఫాంటసీ 6ని టెడ్ ఊల్జీ 30 రోజుల్లో ఇంగ్లీష్ చేశాడు, అది కూడా క్యాట్రిడ్జ్‌లో చోటు చాలక వాక్యాలు కోసుకుంటూ. జపనీస్‌లో పేరు వెనక తగిలించే సాన్, కున్, సామా, సెన్‌పాయ్ అని ఉంటాయి, ఇంగ్లీషుకి వచ్చేసరికి అందరూ ఒకటే 'యూ'. మనకైతే బాధే లేదు, గారు ఉంది, అన్న ఉంది, నువ్వు మీరు ఉన్నాయి. సెన్‌పాయ్‌ని అన్నా అనో సీనియర్ అనో అంటే సరిపోతుంది. భోజనానికి ముందు జపాన్ వాళ్లు అనే 'ఇతదకిమాస్' ఉంది చూడండి, అది ఇంగ్లీషులో "తిందాం పదండి" అయిపోతుంది, తినిపించినవాళ్ల మీద ఉన్న కృతజ్ఞత ఎగిరిపోతుంది. మనం తిన్నాక అన్నదాతా సుఖీభవ అంటాం కాబట్టి ఆ భావం మనకి తెలుసు, టైమింగ్ మాత్రం తేడా. అదే జపనీస్‌లో ఒక్క 'నేను'కి ఓరె, బొకు, వతషి అని మనిషిని బట్టి మాటలుంటాయి, అక్కడ మాత్రం మనమూ ఇంగ్లీష్ వాడి పక్కనే నిలబడాలి. పెర్సోనా తర్వాతి భాగాల్లో సాన్, సెన్‌పాయ్ అలాగే ఉంచేశారు, అమెరికా పిల్లలు హాయిగా నేర్చుకున్నారు. పోకెమాన్ కార్టూన్‌లో అన్నం ముద్దని చూపిస్తూ "జెల్లీ డోనట్" అన్న రోజుల నుంచి చూస్తే, పిల్లలకి ఏం తెలుస్తుందిలే అనుకున్నవాళ్లే తక్కువ అంచనా వేశారని తేలింది. ఆ డోనట్ పని గతిలేక చేసింది కాదు, అసలు మాటకి చోటూ ఉంది, టైమూ ఉంది, ఆటగాడి మీద నమ్మకమే లేదు.

అన్నట్టు ఈ బండి ఎదురు దిశలో కూడా నడిచింది. షిగెసాటో ఇటోయి అనే యాడ్ కాపీరైటర్ చేసిన మదర్ 2, అమెరికాలో 1995లో ఎర్త్‌బౌండ్ పేరుతో వచ్చింది. అది మొత్తం అమెరికాని జపాన్ కళ్లతో చూసి ఆటపట్టించడమే, బేస్‌బాల్ బ్యాటు, బర్గర్లు, ఫోన్‌లో నాన్న, అతి చిరునవ్వుల చిన్న ఊరు. అమెరికా వాళ్లు దాన్ని తమ దగ్గరికి తెచ్చుకునేటప్పుడు ఆసుపత్రుల మీద రెడ్ క్రాస్ తీసేశారు, బార్లని కేఫ్‌లు చేశారు, ఒక పిచ్చి మతం వాళ్ల ముసుగుల మీద రెండు హెచ్ అక్షరాలు ఉంటే, కూ క్లక్స్ క్లాన్ అనే తెల్ల జాత్యహంకార ముఠాలా కనిపిస్తుందని చెరిపేసి పైన ఉన్ని బంతి పెట్టారు. జపాన్ వాడికి వింత వేషంలా కనిపించిన ముసుగు అక్కడ మనుషుల్ని చెట్లకి వేలాడదీసిన ముసుగు. ఈ మార్పు మూడోవాణ్ణి తలుచుకుని చేసింది, నాకు తప్పనిపించదు.

చక్కగా చేసింది ఏదైనా చెప్పమంటే ఎలీట్ బీట్ ఏజెంట్స్. 2005లో జపాన్‌లో ఔఎందాన్ అని వచ్చింది, నల్ల యూనిఫాం కుర్రాళ్లు గొంతు చించుకుని జనానికి ఉత్సాహం ఇచ్చే ఆట. ఆ చీర్ దళాల సంప్రదాయం అమెరికాలో లేదు. పేర్లు మార్చి అమ్మేయకుండా అదే టీమ్ 2006లో అమెరికా కోసం కొత్త పాటలు, కొత్త కథలతో ఇంకో గేము చేసింది. క్రిస్మస్‌కి నాన్న కోసం ఎదురుచూసే పాప కథ ఒకటి ఉంటుంది అందులో, ఆడుతూ ఏడవని వాళ్లని నేను చూడలేదు.

ఇప్పటి అభిమానులు ఇంకో చివరకి వెళ్లారు. 2016లో ఫైర్ ఎంబ్లెమ్ ఫేట్స్ అమెరికాకి వచ్చినప్పుడు, పాత్రల మొహాలు స్క్రీన్ మీద నిమిరే ఆట తీసేశారని పెద్ద గోల. "జపాన్ సంస్కృతిని సెన్సార్ చేశారు" అట. మొహం నిమరడం జపాన్ సంస్కృతి అని ఎవరు చెప్పారో గానీ, ఈ "అసలు జపాన్" పిచ్చి కూడా ఒక రకం సొంతం చేసుకోవడమే. జపాన్ మాఫియా కథల యాకుజా సిరీస్ తీసుకోండి, మొదటి గేముకి 2006లో హాలీవుడ్ గొంతులు పెట్టారు, మూడోదానికి హోస్టెస్ క్లబ్బులు, మాజాంగ్ అనే పలకల ఆట అమెరికా వాళ్లకి అర్థం కావని కోసేశారు, 2017లో యాకుజా 0ని జపనీస్ గొంతులతో, కరావోకేతో, మాజాంగ్‌తో సహా వదిలాక గానీ అక్కడి జనం దానికి దాసోహం అనలేదు. మంచిదే. కానీ ఆ జనమే ఎక్కడైనా ఒక ఆసియా అమెరికన్ అనువాదకురాలు ఒక లైన్ మారిస్తే ఆమె మీద బూతులతో పడతారు, జపాన్ మీద ప్రేమతోనే.

ఎవరో ఒకరు తప్పకుండా ఒక మాట అంటారు, జపాన్ వాళ్లకే లేని బాధ మనకెందుకు అని. నిజమే, జపాన్‌లో చాలామంది పట్టించుకోరు. అమెరికా కంపెనీ 2020లో ఘోస్ట్ ఆఫ్ సుషిమా చేస్తే ఆ ద్వీపం వాళ్లు దాని డైరెక్టర్లని పర్యాటక రాయబారులుగా పెట్టుకున్నారు. 2015లో బోస్టన్ మ్యూజియంలో సందర్శకులకి కిమోనో వేసి ఫొటో తీసుకోనిస్తే, వద్దని నిలబడింది ఆసియా అమెరికన్ కుర్రాళ్లు. టకరజుకా నాటక సంస్థ 2024లో మన ఆర్ఆర్ఆర్‌ని అందరూ ఆడవాళ్లతో స్టేజీ మీద వేస్తే మనం మురిసిపోయాం, ఎవరైనా అపహరణ అన్నారా? సొంత ఊళ్లో మెజారిటీగా ఉన్నవాడికి తన బొమ్మని ఎవరెలా గీసినా తమాషాగానే ఉంటుంది.

స్ట్రీట్ ఫైటర్‌లో ధల్సిం మీకు గుర్తున్నాడా, కపాలాల దండ వేసుకుని, నోట్లోంచి "యోగా ఫైర్" అని మంట ఊదే మనవాడు, వెనకాల వరసగా ఏనుగులు? హైదరాబాద్‌లో గేమ్ పార్లర్‌లో మేము ధల్సిం కోసం కొట్టుకునేవాళ్లం, చేతులు సాగుతాయి కదా, దూరం నుంచి కొట్టొచ్చు. అదే న్యూజెర్సీలో పెరిగిన మా పెద్దమ్మ కొడుకుని స్కూల్లో అయిదో క్లాసు నుంచి ఎనిమిదో క్లాసు దాకా ఆ పేరుతోనే పిలిచారు. వాడు ఇప్పటికీ ఆ గేము ముట్టుకోడు. క్యాప్‌కామ్ గీసిన బొమ్మ ఒకటే, మేము ఆడుకున్నాం, వాణ్ణి ఆడుకున్నారు.

పేపర్‌కి పనికొచ్చే సలహా ఒకటి. పాతిక గేములు లిస్టు చేయకండి, ఏస్ అటార్నీ మొదటి గేమూ 2021 గేమూ పక్కపక్కన పెట్టుకుని ఒక కోర్టు సీన్, ఒక భోజనం సీన్ లైన్ లైన్‌గా పోల్చండి. ప్రతి మార్పు దగ్గరా ఎవరు అడిగారు, ఎవరికి డబ్బులు, ఎవరిని అడగలేదు అని రాసుకుంటూ పోండి. మూడో కాలమే నిండుతుంది చూడండి.

ఆ మూడో కాలమ్ నాకు ఎక్కడ అర్థమైందో చెప్పి ఆపుతా. కొన్నేళ్ల కిందట ఒక జపాన్ మొబైల్ గేము ఇంగ్లీష్ వెర్షన్ టెస్ట్ చేస్తున్నాం, కంపెనీ పేరు వద్దు. అందులో ఒక అమ్మవారి పేరు పెట్టిన పాత్రని లెవెల్ పెరగడానికి ఇంకో పాత్రకి మేతగా వేయాలి, వేసినప్పుడల్లా ఆమె అరుస్తుంది. నేను, మా టీమ్‌లో ఇంకో అమ్మాయి కూర్చుని పద్ధతిగా టికెట్, అంటే ఇది సరిచేయండని రిపోర్టు, రాశాం, స్క్రీన్‌షాట్లు పెట్టాం, పేరు ఒక్కటి మారిస్తే చాలని సూచన కూడా ఇచ్చాం. అదే వారంలో ఒక బొమ్మ వెనకాల కనీకనపడని సిలువ ఉందని వేరేవాళ్లు పెట్టిన టికెట్ సాయంత్రానికల్లా ఫిక్స్ అయిపోయింది. మాదానికి రెండు రోజుల తర్వాత ఒక్క ప్రశ్న వచ్చింది, చాలా మర్యాదగా: ఇండియా ఈ గేము రిలీజ్ లిస్టులో ఉందా? లిస్టు తీసి చూశాం. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా. లేదు అని రాశాం. టికెట్ క్లోజ్ చేశారు.